బావ తిప్పిన మూడు చుట్లు

పేరు వేయవద్దన్న ఒక పాఠకుడు హైదరాబాద్ నుంచి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సారం ఇది. ఆయనకు 32 ఏళ్లు. ఉద్యోగం హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు విజయవాడలో. రెండేళ్ల కిందట లోను పెట్టి 1.0 లీటర్, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ కారు కొన్నారు. వారంటీ ఇంకా ఏడాదిన్నర ఉంది. మొన్న ఎండాకాలంలో నలుగురు ఎక్కి ఏసీ వేస్తే బండి లాగడం లేదని మేనత్త కొడుకు దగ్గర వాపోయారు. ఆ బావకు విజయవాడలో సొంత షెడ్డు ఉంది, ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. "ఇదెంత పనిరా" అంటూ బానెట్ ఎత్తి, టర్బో పక్కనున్న యాక్చుయేటర్ రాడ్ లాక్ నట్టు వదులు చేసి, మూడు చుట్లు తిప్పి మళ్లీ బిగించాడు. డబ్బు తీసుకోలేదు.

ఆ రోజు నుంచి బండి ఎగిరిందట. ఇంతకుముందు హైదరాబాద్‌లో గాలి ఒత్తిడి చూపే ఫోన్ యాప్‌లో 190 దాటని అంకె 215కు వెళ్లింది. హైవే మైలేజీ 17 నుంచి 15కు పడింది కానీ ఆయన పట్టించుకోలేదు. మూడు వారాల తర్వాత, ఒక ఆదివారం తెల్లవారుజామున విజయవాడ నుంచి తిరిగొస్తున్నారు. సూర్యాపేట దాటాక కుడి లేనులో లారీని దాటేస్తుండగా బండి ఒక్కసారిగా చచ్చుబడింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. వెనక బస్సు హారను, లోపల భార్య, మూడేళ్ల పాప. ఎలాగో పక్కకు తీసి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైంది.

తర్వాతి వారం బావ స్కానర్ పెట్టి, బండిలో నమోదైన లోపం కోడ్ చెరిపేశాడు. "బండిలో ఏం లేదు, కంప్యూటరే అడ్డం పడుతోంది. ట్యూనింగ్ బాక్స్ పెడితే నోరు మూసుకుంటుంది, ఖర్చు నాది" అన్నాడు. భార్య మాత్రం కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయమంటోంది. రాడ్ తిప్పిన సంగతి ఆమెకు తెలియదు. అక్కడ ఇస్తే వారంటీ పోతుందేమోనని భయం, వద్దంటే బావ చిన్నబుచ్చుకుంటాడని మొహమాటం. "అసలు బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా తోసే గాలి ఒత్తిడి) పెంచుకోవడం తప్పా? ప్రమాదం లేకుండా పెంచే దారే లేదా?" అని అడిగారు.

సమాధానం:

మీ ఆఖరి ప్రశ్నకు ముందు చెప్తాను. బూస్ట్ పెంచుకోవడం పాపమేం కాదు, దారీ ఉంది. మీ బావ వెళ్లింది మాత్రం ఆ దారిన కాదు. ఆయన పెడతానంటున్న బాక్సూ ఆ దారిలోది కాదు. పైగా మీ బండికి పెంచాల్సిన అవసరం ఉందో లేదో ఇంతవరకు ఎవరూ చూడలేదు. అది తేలేదాకా దాన్ని హైవే ఎక్కించకండి. ఆఫీసుకు వాడుకోవాల్సి వస్తే వాడుకోండి, యాక్సిలరేటర్ సగానికి మించి తొక్కకుండా. అమ్మానాన్నల్ని చూడాలనుకుంటే ఈ రెండు మూడు వారాలు బస్సుకో రైలుకో వెళ్లండి.

ముందు ఆ 215 సంగతి. అంటే రెండు బార్ల బూస్టని బావ అన్నాడని రాశారు. చాలామంది ఇక్కడే పొరబడతారు. యాప్ చూపించేది కిలోపాస్కళ్లలో మొత్తం ఒత్తిడి, అందులో మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి కూడా కలిసే ఉంటుంది. నమ్మకం లేకపోతే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి అదే యాప్ చూడండి. హైదరాబాద్‌లో 95 దగ్గర, విజయవాడలో 101 దగ్గర ఉంటుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి ఆ తేడా. 215లోంచి 95 తీసేస్తే టర్బో అదనంగా తోస్తున్నది 120, అంటే 1.2 బార్. షెడ్డు లెక్కలో 17 పీఎస్ఐ పైచిలుకు. ముందున్న 190కి ఇదే లెక్క వేస్తే 0.95 బార్, 14 పీఎస్ఐకి కాస్త తక్కువ.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి పెరిగింది 13 శాతం. మీకు అంతకంటే ఎక్కువ అనిపించడానికి కారణం ఉంది. పొగను పక్కదారి పట్టించే తలుపు (వేస్ట్‌గేట్) గట్టిగా మూసుకుని ఉంటే టర్బో తొందరగా అందుకుంటుంది, ఆ తోపు వీపుకు తెలుస్తుంది. ఇంకో మాట. బండి అంకెల్ని ఫోన్‌కు పంపే చవక బ్లూటూత్ అడాప్టర్లు సెకనుకు కొన్ని సార్లే చదువుతాయి. ఆ మధ్యలో ఒత్తిడి ఎగిసి పడితే మీకు కనబడదు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, మాత్రం కనబడుతుంది.

బావ తిప్పింది దేన్ని? ఎగ్జాస్ట్ పొగ టర్బైన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీద అవతలి చక్రం గాలిని ఇంజిన్‌లోకి తోస్తుంది. చాలనుకున్నప్పుడు పొగను పక్కదారి పట్టించే తలుపే వేస్ట్‌గేట్. దాన్ని తెరిచేది ఆ డబ్బా లాంటి యాక్చుయేటర్. బూస్ట్ గాలి సన్న గొట్టంలోంచి వచ్చి లోపలి డయాఫ్రమ్‌ను (సాగే పొరను) తోస్తే, స్ప్రింగు లొంగి, రాడ్ కదిలి, తలుపు తెరుచుకుంటుంది. గొట్టం మధ్యలో ఉన్న సోలినాయిడ్‌తో (కరెంటుతో పనిచేసే వాల్వుతో) కొంత గాలిని బయటికి వదిలి, తలుపు తెరుచుకోవడాన్ని ఈసీయూ ఆలస్యం చేయగలదు. ఆ విధంగా స్ప్రింగు ఇచ్చే బూస్ట్ కంటే పైకి తీసుకెళ్లగలదు, దానికంటే కిందికి మాత్రం దించలేదు. రాడ్ పొట్టిచేస్తే స్ప్రింగు ముందే బిగుసుకుంటుంది. కుక్కర్ వెయిట్ మీద ఇంకో బరువు పెట్టినట్టు. ఈసీయూ చాలన్నా తలుపు తెరుచుకోదు.

మూడు వారాలు ఊరుకుని సూర్యాపేట దగ్గరే ఎందుకు మొండికేసిందంటారా? ఊళ్లో మీరు తొక్కేది రెండు మూడు సెకన్లు, ఈలోపు సిగ్నలో స్పీడ్ బ్రేకరో వస్తుంది. హైవే మీద పై గేరులో, నిండు బండితో, లారీని దాటడానికి పది సెకన్లు తొక్కి పట్టారు. తెల్లవారుజాము చల్లగాలి చిక్కగా ఉంటుంది కూడా. ఒత్తిడి ఈసీయూ పెట్టుకున్న హద్దు దాటి కాసేపు అక్కడే నిలబడింది, అది ఇంజిన్ని కాపాడుకోవడానికి పవర్ కోసేసింది. మైలేజీ పడిపోవడానికీ కారణం ఇదే అయ్యుంటుంది. బూస్ట్ ఎక్కినప్పుడు తెరుచుకోవాల్సిన తలుపు మూసుకునే ఉంటే పొగ బయటికి పోవడానికి ఇంజిన్ అనవసరంగా కష్టపడాలి.

ఇదంతా మీరు రాసిన లక్షణాలను బట్టి నా అంచనా. ఖాయం చేయగలిగింది ఆ కోడ్ నంబరు. దాన్నే మీ బావ చెరిపేశాడు. ఉత్తరం మొత్తంలో నాకు కోపం తెప్పించింది ఈ ఒక్క ముక్కే. పి0234 అయితే బూస్ట్ హద్దు మీరిందని, పి0299 అయితే చాలడం లేదని. ఈ రెండింటికీ వైద్యం పూర్తిగా వేరు. స్కానర్ హిస్టరీలో గానీ బావ ఫోన్‌లో ఫొటోగా గానీ మిగిలి ఉందేమో అడగండి.

మీ బావను చేతకానివాడనుకోకండి. ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాడంటే ఆయన చేతికి ఎక్కువగా తగిలినవి పాత టర్బో డీజిళ్లు అయ్యుంటాయి. వాటిలో ఈ పని నడిచేది. డీజిల్ ఇంజిన్‌లో పవర్‌ను నిర్ణయించేది పోసే డీజిల్, గాలి ఎప్పుడూ మిగులే. ఇంకాస్త గాలి ఇస్తే పొగ తగ్గేది, లోపలి వేడి కూడా తగ్గేది. పెట్రోల్ అలా కాదు. గాలి పెరిగితే దానికి తగ్గట్టు పెట్రోలూ పెరగాలి, మంట వేడెక్కుతుంది, స్పార్క్ అంటించిన మంట పూర్తిగా పాకకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలిపోయే ప్రమాదం పెరుగుతుంది. అదే నాకింగ్. డీజిల్ మీద అలవాటైన చేయి పెట్రోల్ మీద పెట్టాడు, అంతే. ఇది ఆయనతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

వేడి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, మన ఎండల్లో అసలు గొడవ అక్కడే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. బయట 40 డిగ్రీలున్నప్పుడు గాలిని రెట్టింపు ఒత్తిడికి నొక్కితే, మామూలు సామర్థ్యమున్న చిన్న టర్బోలోంచి సుమారు 140 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది. మీ 215 అంకె దగ్గర అది 160కి చేరువవుతుంది. టర్బోను దాని సౌకర్యం దాటించి తిప్పుతున్నాం కాబట్టి సామర్థ్యం పడిపోతే ఇంకా ఎక్కువ. ఇంటర్‌కూలర్ చల్లబరుస్తుంది నిజమే, కానీ అది ఆ బండి పాత లెక్కకు సరిపడా పెట్టింది. గాలి వేడెక్కినకొద్దీ పల్చబడుతుంది, నాకింగ్ దగ్గరపడుతుంది, నాక్ సెన్సార్ వినగానే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, వెనక్కి లాగి ఆలస్యం చేస్తుంది. అలా లాగితే పవర్ తగ్గి ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. జనవరి ఉదయం వచ్చిన సుఖం మే మధ్యాహ్నానికి చాలావరకు ఇలాగే ఆవిరైపోతుంది. ఒత్తిడి అంకె మాత్రం గేజ్‌లో అలాగే నిలబడి మిమ్మల్ని మురిపిస్తుంది.

బండి లాగడం లేదని మీరు మొదట్లో చెప్పుకున్న బాధకూ ఇందులోనే సగం జవాబుంది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 44 డిగ్రీల గాలి సుమారు 8 శాతం పల్చన. దానికి ఏసీ, నలుగురు మనుషులు, 1.0 లీటర్ ఇంజిన్ కలుపుకోండి. అది రోగం కాకపోవచ్చు. మిగతా సగం మాత్రం చూపించుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోవడం, ఇంటర్‌కూలర్ హోస్ పైపు క్లాంపు వదులవడం, పైపులో సన్నని చీలిక, స్పార్క్ ప్లగ్గులు అరిగి గ్యాప్ పెరగడం. ఏ షెడ్డులోనైనా పైపుల్లోకి పొగ పంపి పరీక్ష చేస్తే గాలి ఎక్కడ కారుతోందో గంటలో తెలుస్తుంది. నా పాత బండి విషయంలో నేనూ టర్బో పోయిందనుకుని నెలరోజులు నిద్ర పాడుచేసుకున్నాను. తీరా చూస్తే ఒక క్లాంపు. కారడం అలాగే ఉంచి బూస్ట్ పెంచితే, కారిపోయేదానికి కూడా కలిపి టర్బో అదనంగా తిరగాలి. ఇంత చిన్న టర్బోల ఇరుసు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. దాన్ని మోసేది ఆయిల్ పొర ఒక్కటే.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

రాడ్‌ను పాత చోటికి తెప్పించడం మొదటిది. నా మొగ్గు దీనివైపే. "మూడు చుట్లు వెనక్కి తిప్పితే సరి" అని బావ అంటాడు. బిగింపులో అరచుట్టు తేడా వచ్చినా బూస్ట్ మారుతుంది. యాక్చుయేటర్‌కు చేతి పంపుతో కొలిచిన ఒత్తిడి ఇచ్చి, రాడ్ ఎక్కడ కదలడం మొదలైంది, ఎంత ఒత్తిడికి ఎన్ని మిల్లీమీటర్లు కదిలింది అని చూసి, ఆ మోడల్‌కు ఇచ్చిన కొలతతో పోల్చి పెట్టాలి. డయల్ గేజ్ ఉన్న టర్బో రిపేరు షాపుల వాళ్లకు ఇది రోజువారీ పని. అయ్యాక యాప్‌లో అంకె మళ్లీ 190 దగ్గర ఆగుతోందా చూడండి.

తర్వాత సర్వీస్ సెంటర్‌కు చెప్పాలా వద్దా? చెప్తే టర్బో, ఇంజిన్ వరకు వారంటీ నిరాకరించవచ్చు. మిగతా భాగాల సంగతి ఏమిటన్నది మీ వారంటీ పుస్తకంలో చదవండి, సాధారణంగా మార్పుకు సంబంధం లేనివాటికి అది పోదు. చెప్పకపోతే ఈరోజుకు గడిచిపోవచ్చు. కానీ ఫ్యాక్టరీలో లాక్ నట్టు మీద వేసే పెయింట్ గుర్తు చెదిరిపోయి ఉంటుంది. రేపు పిస్టన్ రింగుల దగ్గర విరిగిందనుకోండి, వాళ్లు ముందు చూసేది అదే, అప్పుడు మీరు అబద్ధం ఆడినవారవుతారు కూడా. నేనైతే రాడ్ సరిచేయించి, నాకింగ్ శబ్దం, ఆయిల్ తాగడం, కంప్రెషన్ చూపించి, అన్నీ బాగుంటే మామూలు సర్వీసు దాకా ఆగుతాను. అడిగితే ఉన్నది చెప్తాను. ఆ రిస్కు ఎంతవరకు మొయ్యగలరో మీరే తేల్చుకోవాలి, లోను కట్టేది మీరు.

రెండోది బావ చెప్పిన బాక్స్. అది చేసేది ఒక్కటే. ప్రెషర్ సెన్సార్ నుంచి వెళ్లే సంకేతాన్ని మధ్యలో పట్టుకుని, ఉన్నదానికంటే తక్కువ చేసి ఈసీయూకి చెప్తుంది. ఈసీయూ చాలడం లేదనుకుని బూస్ట్ పెంచుతుంది. లైటు వెలగదు, నిజమే. సూర్యాపేట దగ్గర మీ ఇంజిన్ని కాపాడినది ఆ లైటు వెలిగించిన ఈసీయూయే కదా. పొట్టి చేసిన రాడ్ మీద ఈ బాక్స్ కూడా పెడితే కాపలావాడికి గంతలు కట్టినట్టే. ఆయన ఖర్చుతోనైనా సరే, దీన్ని వద్దనే చెప్తాను.

మూడోది, వారంటీ అయ్యాక పద్ధతిగా పెంచుకోవడం. మీరు అడిగిన దారి ఇదే. రాడ్ జోలికి పోకుండా బూస్ట్, ఇంధనం, టైమింగ్ ఎప్పుడు ఎంత ఉండాలో ఈసీయూకి చెప్పే పట్టికలను (మ్యాపులను) కలిపి మార్చే రీమ్యాప్. బండిని నిలబెట్టి పవర్ కొలిచే డైనో ఉన్నచోట, పొగను బట్టి గాలి-పెట్రోల్ పాళ్లు చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ పెట్టి, ముందు ఉన్నదున్నట్టు రికార్డు చేయించాలి. ఒత్తిడి, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, టైమింగ్ ఎంత వెనక్కి పోతోంది, గాలి-పెట్రోల్ నిష్పత్తి. తర్వాత 0.05 బార్, మహా అయితే 0.1 బార్ చొప్పున పెంచుతూ ప్రతిసారీ అవే అంకెలు చూడాలి. టైమింగ్ వెనక్కి పోవడం మొదలైతే అక్కడ ఆగి ఒక మెట్టు దిగాలి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా పరీక్షించమనండి. చలికాలం సరిచేసిన మ్యాపు చలికాలానికే పనికొస్తుంది. 95 ఆక్టేన్ (నాకింగ్‌ను ఓర్చుకునే శక్తికి కొలత) పెట్రోల్‌కు చేసిన మ్యాపు మీద 91 పోస్తే చేసినదంతా తలకిందులు. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ నాకింగ్‌ను బాగానే ఓర్చుకుంటుంది. అయితే అదే గాలికి ఇంధనం ఎక్కువ పట్టి, ఇంజెక్టర్లకు ఉన్న మిగులు తగ్గుతుంది, ఆ లెక్కా ట్యూన్ చేసేవాడికి తెలిసుండాలి. "పదిహేను నిమిషాల్లో ఫైల్ ఎక్కించేస్తాం సార్" అనేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

ఈ దారికీ ఖరీదుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 సవరణ తర్వాత 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ పడవచ్చు. రోడ్డు మీద ఆపి ఈసీయూ ఎవరు చూస్తారంటారు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయరు చూస్తాడు.

నాలుగోది, ఏమీ పెంచకుండా నడపడం నేర్చుకోవడం. నవ్వకండి. చిన్న టర్బో పెట్రోల్ బండిని పై గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కడం దానికి మనం పెట్టే అతి పెద్ద బాధ. తక్కువ వేగంలో ఎక్కువ బరువు పడినప్పుడు సిలిండర్‌లో ఆయిల్ చుక్కలు ముందే అంటుకుని, మామూలు నాకింగ్ కంటే చాలా బలంగా పేలే జబ్బు ఈ తరం ఇంజిన్లకు ఉంది, ఒక్క దెబ్బకు పిస్టన్ పగలగలదు. బూస్ట్ పెంచితే ఆ ప్రమాదమూ పెరుగుతుంది. లారీని దాటే ముందు ఒక గేరు దించి, 2,500 పైన ఉంచి తొక్కి చూడండి. మీరు బావ దగ్గర అడిగిన పికప్‌లో చాలావరకు అక్కడే దొరకొచ్చు. ఆయిల్ మార్చినప్పుడు డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉందా చూడండి. 2020లో వచ్చిన ఆ ప్రమాణంలో ఈ జబ్బుకు విడిగా పరీక్ష ఉంది.

ఇక ఇంటి సంగతి. మీ భార్య సర్వీస్ సెంటర్ అంటున్నది బండి తనంతట తాను పాడైందనుకుని. కుడి లేనులో బండి చచ్చుబడ్డప్పుడు ఆమె, పాప అందులోనే ఉన్నారు. కారణం మీకు తెలుసు, ఆమెకు తెలియదు. ఇది వారంటీ కంటే ముందు తేల్చుకోవాల్సింది. సర్వీస్ సెంటర్ కాగితం మీద చూసి తెలుసుకునే కంటే మీ నోటి మీదుగా వినడం నయం. కోప్పడుతుంది, పడనివ్వండి.

బావతో మాత్రం "నువ్వు చెడగొట్టావు" అన్న మాట ఎత్తకండి. అత్తయ్య దాకా పోతుంది. ఖాళీగా ఉన్న రోజు షెడ్డుకు వెళ్లి, "బావా, హైదరాబాద్‌లో ఇంజిన్ ఆఫ్‌లో ఈ అంకె 95 చూపిస్తోంది, మరి 215లో బూస్ట్ ఎంత?" అని అడగండి. పని తెలిసిన మనిషి, లెక్క తనే వేసుకుంటాడు. "డీజిల్లో నడిచినట్టు పెట్రోల్‌లో నడవదట కదా, పంపు పెట్టి రాడ్ పాత చోటికి తెద్దాం, నువ్వూ రా" అంటే సరిచేసే పనిలో ఆయన్నీ కలుపుకున్నట్టవుతుంది. బాక్స్ ప్రస్తావన తెస్తే వారంటీ అయ్యేదాకా ఆగుదామని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు.

ఆ కోడ్ దొరికితే నాకు రాయండి. పి0299 అని తేలితే, ఇంతసేపు నేను చెప్పిన సూర్యాపేట కథ తప్పని ఒప్పుకుని, రాడ్ కంటే ముందు ఇంటర్‌కూలర్ క్లాంపులు చూడమంటాను.